ఎవరి తల మీద

ప్రమాణానికి పోయే రోజు రొట్టెలు ఎక్కువ కాల్చాలి. ఈ సంగతి లాలికి ఎవరూ చెప్పలేదు. పోగా పోగా తెలిసింది. ఒట్టు పెట్టి వచ్చిన మగవాడికి ఆకలి ఎక్కువ. పెట్టించిన పెద్దమనుషులకు అంతకన్నా ఎక్కువ. తెల్లారకముందే లేచి జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలిపింది. ఎడమ మణికట్టు ఇంకా వాచే ఉంది కాబట్టి కుడిచేత్తోనే తట్టింది. ఒక్కచేత్తో తట్టిన రొట్టె గుండ్రంగా రాదు. పొయ్యి పక్కన చలి కాచుకుంటున్న అత్త ద్వాలి ఒక రొట్టెను ఎత్తి తిప్పి చూసింది.

"గిదేం రొట్టె పోరీ, తాంబేలు లెక్కున్నది. పెద్దమనుషులు తినాలె గిది" అంది.

ఆ మణికట్టును మెలితిప్పింది ఆమె కొడుకే. అప్పుడు ద్వాలి ఇదే పొయ్యి పక్కన, ఇదే పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. ఏరడం ఆపలేదు.

లాలి రొట్టెలను గుడ్డలో చుట్టి స్టీలు క్యారియర్‌లో సర్దింది. కింది గిన్నెలో పప్పు, పైగిన్నెలో ఎల్లిపాయ కారం. బర్రెకు కుడితి పెట్టింది. వాకిలి ఊడ్చింది. మొగుడి అంగీ ఇస్త్రీ చేసింది. రాజేందర్‌కు ఒట్టుకు పోయే అంగీ వేరే ఉంది, తెల్లది. జేబు అంచున గోధుమరంగు మరక ఉంది. అది లాలి ముక్కు నుంచి కారిన నెత్తురు. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఉతికిందీ లాలే. మరక కనబడకుండా జేబును లోపలికి మడిచి ఇస్త్రీ చేసింది. ఎందుకు మడిచిందో ఆమెకే తెలియదు. చేతులకు అలవాటయింది, అంతే.

జనగామ దగ్గరి ఆ తండాలో తగువు తెగకపోతే ఒట్టు పెట్టిస్తారు. ఒట్టు గాలిలో పెట్టరు. ఒకరి తల మీద చెయ్యి పెట్టి దేవుడి ముందు చెప్పాలి. మాట తప్పితే కీడు చెయ్యి పెట్టినవాడికి తగలదు, తల ఇచ్చిన మనిషికి తగులుతుంది. ఆ మనిషి మీద ప్రేమ ఉంటుంది కాబట్టి వాడు మాట తప్పడని పెద్దల లెక్క. రాజేందర్ పెళ్లాన్ని కొట్టిన ప్రతిసారీ పంచాయితీ కూర్చునేది. మగవాళ్లు వేపచెట్టు కింద, ఆడవాళ్లు దూరంగా గోడ వారన. కొట్టింది వాడు, తన్నులు తిన్నది లాలి, మాట్లాడేది మాత్రం మగవాళ్లు. చివరికి తండా పెద్ద దేవ్యా తలపాగా సర్దుకుని, "ఒట్టు పెట్టిద్దాం" అనేవాడు. అందరూ లేచేవారు. పెళ్లాన్ని మళ్లీ కొట్టనని పెళ్లాం తల మీదనే ఒట్టు.

మొదట తండాలోని భవాని గుడి. అక్కడి ఒట్టు పండుగ దాకా కూడా నిలవలేదు. ఇంటి దేవుడు చిన్నదేవుడని, పాలకుర్తి గుట్ట ఎక్కించారు. సోమేశ్వరుడి ముందు రాజేందర్ లాలి తల మీద అరచెయ్యి ఆనించి, గొంతు వణికేలా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. మిరపకోతల నాడు, కూలి నుంచి వచ్చి నీళ్లు కాచడం ఆలస్యమైందని పొట్టలో తన్నాడు. రెండో బిడ్డ పొయ్యి ముందరే పోయింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు మంచం చుట్టూ కూర్చుని, "ఒట్టు తగిలింది బిడ్డా" అన్నారు. ద్వాలి కూడా అదే అంది. లాలి నమ్మింది. చాలాకాలం నమ్మింది. దేవుడికి తన మీద కోపం వచ్చిందని, ఆయన కోపానికి ఒక బిడ్డ పోయిందని. తన్నిన కాలు ఎవరిదో మంచం చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత కాజీపేట దర్గా. అక్కడ వచ్చీరాని ఉర్దూలో ఒట్టు పెట్టాడు, దేవుడికి అర్థం కావద్దా అని. అది తప్పినప్పుడు లాలికి పన్ను పోయింది. ఆ తర్వాత రాజేందర్ భూపాలపల్లి వైపు బొగ్గు టిప్పర్ నడపడానికి పోతే, ఘనపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఇంటామె శోభారాణి గోడ అవతలి నుంచి అన్నీ విని, ఒకరోజు తలుపు కొట్టి, "నా ఇంట్ల పీనుగ లేస్తే ఎవడు బాధ్యుడు? కోటగుళ్ల కాడ ఒట్టన్న పెట్టు, గదన్న ఖాళీ చెయ్యి" అంది. గది ఖాళీ చెయ్యడం కష్టం, ఒట్టు సులువు. దేవ్యా చిట్యాల మీదుగా బస్సులో వచ్చాడు. కాకతీయుల నాటి గుళ్లు, ఎర్రరాళ్లు, చుట్టూ పడి ఉన్న బొమ్మలు. ఒట్టు అయ్యాక పచ్చిక మీద కూర్చుని అందరూ లాలి చేసిన పులిహోర తిన్నారు. ఆ నెల తిరగకముందే రాజేందర్ కొట్టిన దెబ్బకు ఎడమ చెవిలోంచి నెత్తురు వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ లోపలి పొర చినిగిందని చెప్పింది. ద్వాలి ఫోన్లో, "మల్ల ఒట్టు తగిలినట్టున్నది, కొబ్బరికాయ కొట్టు" అంది. లాలి ఫోనును కుడి చెవికి మార్చుకుని విన్నది. తర్వాత అద్దం ముందు నిలబడింది. చెంప మీద వేళ్ల అచ్చులు తేలి ఉన్నాయి. దేవుడి దెబ్బకు వేళ్లుంటాయా? అప్పుడు తెలిసింది ఆమెకు. తెలిసి చేసిందేమీ లేదు. కొబ్బరికాయ కొట్టింది.

జనం సెలవులు పెట్టుకుని, కార్లు మాట్లాడుకుని చూసే చోట్లన్నీ లాలి మొగుడి పుణ్యాన చూసింది. చూసిందంటే ఎట్లా చూసింది? తల మీద చెయ్యి ఉన్నప్పుడు నేల తప్ప ఏమీ కనబడదు. పాలకుర్తి గుట్ట మీది బండ ఆమెకు గుర్తుంది. దర్గా పాలరాయి గుర్తుంది. కోటగుళ్లలో చీమలు బారుగా పోతున్న రాతిపలక గుర్తుంది. ఏ గుడికి ఎంత ఎత్తు శిఖరం ఉందో, ఏ గోడ మీద ఏం చెక్కారో అడిగితే ఆమె చెప్పలేదు.

టిప్పర్ పని వదిలి తండాకు తిరిగొచ్చాక, ఈసారి దెబ్బ కూతురు అఖిలకు తగిలింది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల. రాజేందర్ ట్రాక్టరు ఫ్యాన్ బెల్టుతో లాలిని కొడుతుంటే మధ్యలోకి వచ్చింది. బెల్టు కనుబొమ్మ మీద పడింది. ఇంకొంచెం కిందికైతే కన్ను పోయేది. అఖిల ఏడవలేదు. నెత్తురు కారే మొహంతోనే మేనమామ గణపతికి ఫోన్ చేసింది. గణపతి డోర్నకల్‌లో రైలుపట్టాల పని చేసే గ్యాంగ్‌మన్. పరుగున వచ్చాడు. మళ్లీ పంచాయితీ కూర్చుంది.

"మన దేవుండ్లందరికి వీడు అలవాటైపోయిండు" అన్నాడు దేవ్యా. "కొత్త దేవుడు కావాలె."

గణపతి డోర్నకల్ పెద్ద చర్చి పేరు చెప్పాడు. అక్కడికి పోయొచ్చాక తమ పనివాళ్లలో ఒకడు తాగుడు మానేశాడట. మానేసిన మాట నిజమే, వాడికి కాలేయం పాడైంది. ఆ సంగతి గణపతి చెప్పలేదు. అందరికీ నచ్చింది. అప్పుడు గోడ వారన కూర్చున్న ద్వాలి, ఆడదానికి మాట లేకపోయినా, గొంతు పెంచి అంది:

"పెండ్లాం తల మీద పెట్టి పెట్టి గా తల అరిగిపోయింది. గందుకే పట్టుతలేదు. ఈపాలి బిడ్డ తల మీద పెట్టియ్యిన్రి. వాని నెత్తురు గద, భయపడతడు. నా కొడుకు ఈసారి తప్పడు."

"గది మంచి మాట" అన్నాడు దేవ్యా. గణపతి తల ఊపాడు. రాజేందర్ కూడా ఊపాడు. గోడ వారన లాలి చేతిలో ఉన్న చీపురుపుల్లను ముక్కలు ముక్కలుగా తుంచింది. అఖిల తల మీద పెడితే, మూడు నెలలకో ఆరు నెలలకో ఒట్టు తప్పుతుంది. తప్పినప్పుడు తగలాలి కదా. ఎవరికి తగలాలో ఇప్పుడే తీర్మానమైంది. ఆ రోజు అఖిలకు కన్ను పోయినా, చెవి పోయినా, వాళ్లందరూ మంచం చుట్టూ కూర్చుని ఏమంటారో లాలికి తెలుసు. రాజేందర్‌కు కూడా తెలుసు. ఇన్నాళ్లూ కీడు మోయడానికి ఒక్కతి ఉంది, ఇప్పుడు ఇద్దరు.

జనగామ స్టేషన్లో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కారు. లాలి, అఖిల, రాజేందర్, ద్వాలి, దేవ్యా. ద్వాలి పాతకాలపు మనిషి, ఇంకా అద్దాల లంగానే కడుతుంది. మొగుడు పోయిన నాడు మోచేతి పైన తెల్లగాజులు తీసేశారు. ఇన్నేళ్లయినా అక్కడి చర్మం మిగతా చేతి రంగులో కలవలేదు. ఎదురు సీటులో కూర్చున్న ఒకామె ఆ లంగాను మురిపెంగా చూసి, "యాడికి పోతున్నరవ్వా అందరు కలిసి?" అని అడిగింది.

"డోర్నకల్ చర్చి సూడనీకి" అంది ద్వాలి.

"మస్తుంటదట. ఇంటిల్లిపాది పోతున్నరు, అదృష్టవంతులు."

లాలి కిటికీ బయటికి చూసింది. కాజీపేట దాటింది, వరంగల్ దాటింది. రాజేందర్ సమోసాలు కొని పెద్దది అఖిలకు ఇచ్చాడు. తింటున్న పిల్ల తల నిమిరాడు. మంచివాడిగా ఉన్నప్పుడు చాలా మంచివాడు. ఎవరైనా చూస్తున్నప్పుడు ఇంకా మంచివాడు. నిమిరే చెయ్యి మాడు మీద ఒక్క క్షణం ఆగింది, ఎక్కడ పెట్టాలో చూసుకుంటున్నట్టు. మహబూబాబాద్ దాటాక, తండ్రి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డప్పుడు, అఖిల తల్లి కుడి చెవి వైపు వంగింది. బళ్లో అమ్మ అని రాసినా ఆ పిల్ల నోటికి వచ్చేది యాడీ అనే.

"యాడీ, బాపు ఒట్టు తప్పితే నాకేమైతది?"

లాలి క్యారియర్ పిడిని గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎవరికీ ఈ ప్రశ్న తోచలేదు. ఆమె తల గురించి ఎవరూ అడగలేదు. చివరికి ఆమె కూడా అడగలేదు.

డోర్నకల్ స్టేషన్లో గణపతి ఎదురు వచ్చాడు. ఆటోలో పోయారు. గేటు దగ్గర దిగగానే ద్వాలి నోరు తెరిచింది. పెద్ద గుమ్మటం, మినార్లలా లేచిన బురుజులు.

"గిది మసీదు గదరా?"

"లోపలికి పోతే గుడి లెక్కుంటదత్తా, రాతి స్తంభాలు. మీదికి చూడు, సిలువ" అన్నాడు గణపతి.

దేవ్యా తలపాగా వెనక్కి తోసుకుని చూశాడు. "ముగ్గురు దేవుండ్లు ఒక్కతాననే ఉన్నట్టున్నరు. మంచిదే. ఎవలో ఒకలు వట్టుకుంటరు వీణ్ణి."

అందరూ నవ్వారు. రాజేందర్ కూడా నవ్వాడు. లాలి చెప్పులు విడిచి మెట్లెక్కింది.

లోపల ఒక ముసలాయన గచ్చు ఊడుస్తున్నాడు. పేరు పౌలు అని గణపతి పిలిస్తే తెలిసింది. గణపతి వచ్చిన పని చెప్పాడు. పౌలు చీపురు ఆపి, చిరాకుగా చూశాడు.

"ఈడ ఒట్లు వెయ్యరయ్యా. మా దేవుడు ఒట్టే వద్దన్నడు. చెప్పేదుంటే ఉత్త నోటితోనే చెప్పుడు."

"ఉత్త నోటితోని చెప్తె ఎవడు నమ్ముతడు?" అన్నాడు దేవ్యా.

"నమ్మనోడు ఒట్టు వెట్టినా నమ్మడు. జర జరుగున్రి, ఊడ్వాలె. పగటిపూట తలుపులెయ్యాలె నేను."

"గట్లనకన్నా. దూరంకెల్లి వచ్చినం. ఓ మూలకు నిలవడి పెట్టుకుంటం, నువ్వు చూడకు."

పౌలు ఏదో గొణుక్కుంటూ చీపురుతో అవతలి కొసకు పోయాడు. రాజేందర్ బీడీ తాగి వస్తానని బయటికి పోయాడు. దేవ్యా, గణపతి గుమ్మం దగ్గర ఏ మూల బాగుంటుందో మాట్లాడుకుంటున్నారు. ద్వాలి కాళ్లు చాపుకుని కూర్చుంది. లాలి ఒక స్తంభానికి ఆనుకుని నిలబడింది. వీపుకు రాయి చల్లగా తగిలింది.

అప్పుడు తల ఎత్తింది.

ఇంత పెద్ద కట్టడంలో, తల మీద ఎవరి చెయ్యీ లేకుండా నిలబడడం ఆమెకు ఇదే మొదలు. చూపు పైకి పోయింది, పోతూనే ఉంది. స్తంభం మీద రాతిపూలు, వాటి పైన కమాను, ఆ పైన వెలుతురు. ఎక్కడో కిటికీలోంచి వచ్చిన ఎండ పైనే తిరుగుతోంది, కిందికి దిగడం లేదు. ఒక పావురం ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరింది. ఆ రెక్కల చప్పుడు వినిపించని చెవికి కూడా తగిలినట్టయింది. దీన్ని కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టిందని గణపతి చెప్పాడు. ఎంతమంది ఆడవాళ్లు ఇసుక మోశారో. మోసిన తట్ట దించాక, వాళ్లలో ఒక్కతైనా ఇట్లా పైకి చూసిందో లేదో. పాలకుర్తిలో కూడా పైన ఇట్లా ఏదో ఉండే ఉంటుంది. కోటగుళ్లలోనూ ఉండే ఉంటుంది. తనను చూడనివ్వలేదు. ఇన్ని దేవుళ్ల ఇళ్లకు తీసుకుపోయి నేల చూపించి తీసుకొచ్చారు. ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోట ఇంకేదో వచ్చింది. తుమ్మమొద్దు ముందు గొడ్డలితో నిలబడ్డప్పుడు వచ్చేది అది. తండాలో ఎవరికీ లొంగని మొద్దు ఉంటే లాలిని పిలుస్తారు. దేవ్యా మనుమరాలి పెళ్లికి బండెడు కట్టెలు ఆమె ఒక్కతే చీల్చింది. మొద్దును నాలుగువైపులా తిరిగి చూస్తే, అది ఎక్కడ చీలుతుందో అదే చెబుతుంది.

రాజేందర్ వచ్చాడు. తెల్ల అంగీ సర్దుకున్నాడు. దేవ్యా అఖిలను రెక్క పట్టి స్తంభం ముందు నిలబెట్టాడు. "తల వంచు బిడ్డా" అన్నాడు. అఖిల వంచింది. కనుబొమ్మ మీద కుట్ల నల్లదారం ఇంకా ఉంది.

రాజేందర్ చెయ్యి లేచింది.

"ఆగు" అంది లాలి.

గట్టిగా అనలేదు. కానీ ఆ గుమ్మటం కింద చిన్నమాట కూడా పెద్దదవుతుంది. అందరూ తిరిగి చూశారు. లాలి వచ్చి బిడ్డను వెనక్కి లాగి, ఆమె గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "వంచకు. మీదికి చూడు. మంచిగున్నది" అంది.

తర్వాత అత్త వైపు తిరిగింది.

"అత్తా, నీ కొడుకు ఈసారి తప్పడన్నవు గద. అందరి ముందటన్నవు. నీ తల మీద వెట్టనియ్యి."

ద్వాలి నవ్వబోయింది. "ముసలిదాన్ని నాదేంది..."

"ముసలిదానివైతే ఏంది? కన్నతల్లివి. నా మీదికన్న, పోరి మీదికన్న నీ మీదనే ప్రేమ ఎక్కువ వానికి. రా, నిలవడు." లాలి మొగుడి వైపు చూసింది. "పెట్టు, మీ యాడి తల మీద."

రాజేందర్ తల్లి వైపు చూశాడు. పైకి లేచిన చెయ్యి అట్లాగే ఉంది. ఆ చెయ్యి తల్లి వైపు కొంచెం జరిగింది. అంతే, ద్వాలి రెండు చేతులూ ఎత్తి తల కప్పుకుంది. వెనక్కి జరిగింది. జరుగుతూ జరుగుతూ గోడకు తగిలింది. గాజులు తీసేసిన చేతులు, గాజుల చోట ఆ తెల్లటి చర్మం, తల మీద అడ్డంగా.

"దేవ్యా బాపూ" అంది లాలి. "ఎక్కడికి వొయినా నువ్వే వెట్టిచ్చినవు. ఒక్కసారి నీ తల ఇయ్యి."

దేవ్యా తలపాగా ముట్టుకున్నాడు. "నా ఇంట్ల మనుమండ్లున్నరు బిడ్డా" అన్నాడు, నేల చూస్తూ.

"అన్నా, నువ్వు?"

గణపతి తోడబుట్టినవాడు. చిన్నప్పుడు ఆమెను భుజం మీద మోసినవాడు. "నాది పట్టాల మీద పనిరా చెల్లే, పొద్దుమాపు బండ్ల నడుమ..." అని ఆగిపోయాడు.

"అంటే అందరికి ఎరుకే" అంది లాలి. "తప్పుతడని మీకందరికి ఎరుకే. ఎరుకుండే నా తల వెట్టిన్రు. ఎరుకుండే నా బిడ్డ తల వెడుతున్రు." మొగుడి దగ్గరికి వచ్చింది. "ఎవ్వల తల ఎందుకు? నీకు లేదా తల? నీ చెయ్యి నీ నెత్తి మీద వెట్టుకో. వెట్టుకొని చెప్పు."

రాజేందర్ మొహం నల్లబడింది. "నా తల మీద నేనెందుకు వెట్టుకుంట? పిచ్చిలేసిందా నీకు? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"వెట్టుకో."

కొట్టాడు. మంచి చెవి మీద కొట్టాడు. చప్పుడు గుమ్మటం దాకా పోయి తిరిగొచ్చింది, ఒకసారి, మరోసారి. తండాలో ఆ చప్పుడు కోళ్ల అరుపుల్లో, ట్రాక్టర్ మోతల్లో కలిసిపోయేది. ఇక్కడ కలవడానికి ఏమీ లేదు. దేవ్యా విన్నాడు. గణపతి విన్నాడు. అవతలి కొసన పౌలు చీపురు ఆగింది. పెదవి పంటికి కోసుకుని లాలి నోట్లో ఉప్పగా తగిలింది. చెవిలో ఒక్కటే హోరు. ఇది కూడా పోయిందా అనుకుంది. కానీ తల వంచలేదు.

చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి లాలి ఆ చేతినే చూసింది, మొహాన్ని కాదు. కుడిచేత్తో పట్టుకుంది. మిరపకాయలు తెంపిన చెయ్యి, గొడ్డలి పట్టిన చెయ్యి. దాన్ని స్తంభానికేసి ఎడమ మోచేత్తో అదిమింది. చిటికెన వేలు దొరికింది. ఎక్కడ విరుగుతుందో వేలే చెప్పింది. వెనక్కి వంచింది.

చిన్న చప్పుడు. పచ్చి చిదుగు విరిగినట్టు. అది కూడా గుమ్మటం దాకా పోయి వచ్చింది.

రాజేందర్ అరిచాడు. మోకాళ్ల మీద కూలిపోయాడు. చేతిని పొట్టకు హత్తుకుని, "యాడీ" అని ఏడ్చాడు. ద్వాలి గోడ దగ్గరే ఉంది. కొడుకు దగ్గరికి రాలేదు. చేతులు ఇంకా తల మీదనే ఉన్నాయి.

"గిది ఒక్క వేలు" అంది లాలి. పెదవి మీది నెత్తురు చెంగుతో తుడుచుకుంది. ఆయాసపడుతోంది, కానీ మాటలు తొందరపడలేదు. "నా మీదికి గాని, నా బిడ్డ మీదికి గాని మల్ల చెయ్యి లేస్తే, మణికట్టు కాడికి నరుకుత. గొడ్డలి ఇంట్లనే ఉన్నది. నువ్వు పండుకున్నప్పుడు నరుకుత, తిన్నప్పుడు నరుకుత, నాకెప్పుడు వీలైతే గప్పుడు నరుకుత. ఒట్టు లేదు. ఉత్త నోటితోనే చెప్తున్న."

దేవ్యా ఆమె చేతులను చూశాడు. మనుమరాలి పెళ్లి కట్టెలు ఆయనకు గుర్తొచ్చి ఉండాలి. ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజేందర్ కింది నుంచి పైకి చూశాడు. పెళ్లాం మొహం అతనికి ఇట్లా కింది నుంచి ఎప్పుడూ కనబడలేదు. విరిగిన వేలున్న చేతిని ఇంకొంచెం లోపలికి దాచుకున్నాడు. ఏ గుట్ట మీదా, ఏ గుళ్లోనూ, ఏ దర్గాలోనూ పెట్టిన ఒట్టును వీళ్లలో ఒక్కరూ నమ్మలేదు. ఒట్టు లేని ఈ మాటను అందరూ నమ్మారు.

పౌలు దగ్గరికి వచ్చాడు. గచ్చు మీద పడ్డ నెత్తుటి చుక్కలను చూశాడు. లాలిని చూశాడు. "ఒట్లు వద్దంటే ఇననే ఇనరు" అని, తడిగుడ్డ కోసం పోయాడు.

"నేను తుడుస్త తాతా, గది నా నెత్తురే" అంది లాలి.

"నువ్వు ఆగు బిడ్డా. రోజు తుడిచేటోణ్ణి నేను."

గణపతి బావను లేపి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. పోతూ చెల్లెలి మొహం చూడలేకపోయాడు. దేవ్యా మెట్ల దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, "వాడు ఇగ నా కొట్టంలనే పంటడు బిడ్డా. నువ్వు పిలిచేదాంక ఇంటికి రాడు" అన్నాడు.

"నేను పిలువ" అంది లాలి.

ఆయన తల ఊపి, వేపచెట్టు కింది పెద్దరికం లేకుండా, నీడ వెతుక్కుంటూ పోయాడు.

లాలి బయటి మెట్ల మీద కూర్చుని క్యారియర్ విప్పింది. ప్రతిసారీ ఒట్టు అయ్యాక మొదట మొగుడికి, తర్వాత పెద్దమనుషులకు, తర్వాత అత్తకు పెట్టి, అడుగున మిగిలింది ఆమె తినేది. ఇవాళ మొదటి రొట్టె అఖిల చేతిలో పెట్టింది. రెండోది తను తీసుకుంది. వంకర రొట్టె. కారం పెదవి మీది గాయానికి తగిలి భగ్గుమంది. అయినా నమిలింది. దేవ్యా దూరం నుంచి క్యారియర్ వైపు చూస్తున్నాడు. చూడనీ.

కాసేపటికి ద్వాలి వచ్చి రెండు మెట్లు కింద కూర్చుంది. కొంగును తల మీదికి లాక్కుంటూ ఉంది.

"మీ మామ సుత నా తల మీదనే వెట్టేటోడు" అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు.

లాలి ఒక రొట్టె తీసి ఆమె ఒళ్లో వేసింది. బియ్యంలో రాళ్లు ఏరిన సంగతి మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు. ఆకలిగొన్న మనిషి కాబట్టి పెట్టింది, అంతే. చెవిలో హోరు తగ్గుతోంది. మెల్లగా పావురాల చప్పుడు వినబడింది. స్టేషన్ వైపు నుంచి ఏదో బండి కూత కూడా. ఈ చెవి ఉంది.

అఖిల రొట్టె తినడం ఆపి తల్లి చేతులను చూసింది. కుడిచెయ్యి, వాచిన ఎడమచెయ్యి.

"యాడీ, నిజంగనే నరుకుతవా?"

"ఔ" అంది లాలి.

ఒట్టు పెట్టమని అఖిల అడగలేదు.